కత్తిరించిన రెండు సెకన్లు

మా ల్యాబులో నా పేరు మీద ఉన్నది ఒకే ఒక్క పద్ధతి. దాన్ని "సునందక్క కట్" అంటారు. పరిశోధన పత్రాల్లో నా పేరు చిట్టచివర కృతజ్ఞతల్లో వస్తుంది, అదీ ఇంటిపేరు తప్పుగా. కానీ పందొమ్మిదేళ్ళుగా మా దగ్గర పీహెచ్‌డీ చేసిన ప్రతి ఒక్కరూ ఆ కట్ నేర్చుకునే బయటికి వెళ్ళారు. నాకు దాని గురించి కాస్త గర్వంగానే ఉండేది. ఇప్పుడు రాయబోతే చెయ్యి రావడం లేదు.

విషయం చిన్నది. మా రికార్డింగు గది రెండో అంతస్తులో లిఫ్టును ఆనుకుని ఉంటుంది. ఎలుక కండరాన్ని నరంతో సహా ఉప్పునీటి గిన్నెలో పెట్టి, వెంట్రుక కన్నా సన్నని గాజు సూదిని అందులోకి దింపుతాం. కంప్యూటరు మొదట రెండు సెకన్లు ఊరికే వింటుంది. ఆ తర్వాత నరానికి చిన్న షాక్ ఇచ్చి, కండరం ఎంత బలంగా జవాబిచ్చిందో గీత గీసి చూపిస్తుంది. అయితే ఆ మొదటి రెండు సెకన్లలో లిఫ్టు కదిలిందంటే గీతంతా గజిబిజి. నేను చేరిన కొత్తలో ఒక పెద్ద సారు దానికోసం గది చుట్టూ రాగి వల కట్టించి, అయినా ఆ గజిబిజి పోక, విసిగి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ రెండు సెకన్లనూ కత్తిరించి పారేసే చిన్న ప్రోగ్రాము రాశాను. మాకు కావలసింది షాక్ తర్వాత వచ్చే జవాబే కదా. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ పాత లిఫ్టు తీసేసి చప్పుడు లేని కొత్తది పెట్టారు. కట్ మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయాలని ఎవరికీ తోచలేదు, నాకసలే తోచలేదు.

నేను ఉండేది వారాసిగూడలో, మా యశోద వదినతో. మా అన్న పోయి పదకొండేళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు, నాకు పెళ్ళి కాలేదు. ఇంకా ఇద్దరూ కలిసే ఎందుకుంటున్నారని చుట్టాలు అడుగుతారు. విడిగా ఎందుకుండాలో మాకు తెలియదు, అంతే.

వదిన ఆర్టీసీలో కండక్టరు. కాదు, కండక్టరుగా ఉండేది. నలభై మూడో ఏట ఆమెకు ఒంట్లో బలం జారిపోవడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నానికి కనురెప్పలు వాలిపోయేవి. రెండో ట్రిప్పుకు గొంతు ముక్కులోంచి వచ్చేది. టికెట్ మిషను చేతిలోంచి జారి పడేది. నరం చెబుతున్న మాట కండరానికి అందడం లేదన్నారు డాక్టర్లు. మాత్రలిచ్చారు. అవి సగం రోజుకు పనిచేసేవి. డిపో వాళ్ళు జాలిపడి ఆమెను బస్సుల్లో పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒక్కొక్క చెప్పు. ఐదేళ్ళు వాటి మధ్య కూర్చుంది.

"నన్ను గూడ ఎవలో బస్సుల మరిచిపోయినట్టున్నరే" అనేది ఇంటికి వచ్చి. నవ్వుతూనే అనేది.

మా ల్యాబు పనిచేసేది సరిగ్గా ఆ అందని మాట మీదే. నరం చివర రసాయనం నింపుకున్న చిన్న చిన్న సంచులుంటాయి. నరంలో సంకేతం రాగానే అవి తెరుచుకుని, కండరానికి కదలమని చెబుతాయి. ఆ సంచుల్ని అంచు దాకా తెచ్చి సిద్ధంగా నిలబెట్టే ప్రొటీన్ ఒకటుంది. దాని అసలు పేరు చివర పదమూడు అంకె ఉంటుంది కాబట్టి మేం దాన్ని "పదమూడు" అనే పిలుస్తాం. దాని వింత ఏమిటంటే, అది ఎక్కువసేపు తనమీద తానే ముడుచుకుని ఉంటుంది. తన ఒంట్లోని ఒక ముక్కే అడ్డం పడి, తన పనిని తానే ఆపుకుంటుంది. సంకేతంతోపాటు కాల్షియం వచ్చి తగిలితే ఆ ముడి విడుతుంది. పని కాగానే మళ్ళీ ముడుచుకుంటుంది.

ఇదంతా ఒకరోజు పొద్దున ఉప్మా తింటూ వదినకు చెప్పాను.

"అంటే డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టుకునే కూసుంటడు. నేను రైట్ అంటేనే తీస్తడు. గంతే గద?" అంది.

"గంతే."

"దీనికి మీ అందరికి కలిపి ఎన్నేండ్లు పట్టింది?"

"పందొమ్మిది."

"మా డిపోల అడిగితే పొద్దుమీకేలోపు చెప్తుంటిమి" అని పళ్ళెం నాముందుకు తోసింది. "లే, కడుగు. ఎలుకల డాక్టరమ్మవని పని తప్పదు."

మా డైరెక్టరు డాక్టర్ వేదవల్లి. విజయనగరం ఆవిడ. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. ఆవిడ జీవితమంతా ఆ ముడి మీదే గడిచింది. చివరికి ఆ ముడిలోకి దూరి, ప్రొటీను మళ్ళీ ముడుచుకోకుండా అడ్డుగా నిలబడే మందును తయారు చేయగలిగాం. ల్యాబులో దాని పేరు "విడుపు". వదినలాంటి జబ్బున్న ఎలుకలకు ఇచ్చాం. వాటి కండరాల జవాబు మూడింతలైంది. ఆ గీతలన్నీ తీసింది నేనే. నాలుగు నెలల ఫలితాలు చూసి మనుషుల మీద పరీక్షకు అనుమతి ఇచ్చారు. తొమ్మిదిమంది రోగులను తీసుకున్నారు. వారానికొకసారి పెన్నులాంటి సూదితో పొట్టమీద పొడుచుకోవాలి. ఆ తొమ్మిదిమందిలో వదిన ఒకతె. నేను బంధువును కాబట్టి ఆసుపత్రి వైపు తొంగి చూడకూడదని సంతకం చేశాను. ఇంట్లో మాత్రం ఎలా చూడకుండా ఉంటాను?

మూడో వారానికి వదిన కనురెప్పలు నిలబడ్డాయి. ఆరో వారానికి చపాతీ పిండి తనే పిసికింది. మూడో నెలలో డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని డిపోకు వెళ్ళి, మళ్ళీ బస్సు ఎక్కింది.

ఆ మొదటి వారంలో ఒకరోజు ఆమెకు చెప్పకుండా ఆమె బస్సే ఎక్కాను. ముందు లేడీస్ సీట్లో కూర్చున్నాను. వెనకనుంచి గొంతు వినబడింది. "ముందుకు జరుగుండ్రి! అమ్మా, నిన్నే, ఎర్ర చున్నీ, ముందంత ఖాళీనే ఉన్నది!" ఐదేళ్ళుగా నేను వినని గొంతు అది. నా దగ్గరికి వచ్చి నన్ను చూసి కూడా ముఖం కదలనివ్వలేదు.

"ఆధార్ చూపియ్యమ్మా."

"వదినా..."

"ఆధార్ లేకుంటే జీరో టికెట్ లేదు. రూలు రూలే."

నేను సంచిలో వెతుక్కుంటుంటే పక్కనున్నామె నవ్వింది. వదిన ఆడవాళ్ళకిచ్చే ఆ సున్నా రూపాయల టికెట్ చించి నా ఒళ్ళో పడేసి ముందుకు వెళ్ళిపోయింది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అంత సంతోషం నాకు అంతకుముందు లేదు, ఇక ఉంటుందని కూడా అనుకోను.

ఐదో నెలలో మొదలైంది. మొదటి షిఫ్టు ముగించుకుని మూడింటికి ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చునేది. కాలు ఊగుతూనే ఉండేది. చీర పైకి లాగి పిక్క చూపించింది ఒకరోజు. చర్మం కింద సన్నగా ఏదో పారుతున్నట్టు కదులుతోంది.

"చూడవే. నేను చేస్తలేను. దానంతటదే."

"బలం వచ్చింది గద వదినా. కండరం అలవాటు పడాలె."

"కూసున్నా గని ఒళ్ళు కూసుంటలేదు."

"అలుపు లేదా?"

ఆమె చీర కిందికి లాక్కుంది. "అలుపున్నది. దిగుతలేదు" అంది.

నేను ఆ మాట విన్నాను. విననట్టు నటించలేదు, నిజంగానే విన్నాను. కానీ ఆసుపత్రి ఇచ్చిన డైరీలో ఉన్న ప్రశ్న ఒకటే: ఈ వారం మీ బలం పదికి ఎంత? వదిన చేతిరాత ఎవరికీ అర్థం కాదని ఆ డైరీ నేనే నింపేదాన్ని. పది అని రాశాను. తర్వాతి వారమూ పదే రాశాను. ఆమె దవడ బిగుసుకుని ఉండేది. ఒళ్ళు తగ్గింది. ఐదేళ్ళు కూర్చున్న మనిషి లేచి తిరిగితే ఒళ్ళు తగ్గదా అనుకున్నాను. నాకు కావలసింది నేను అనుకున్నాను.

ఆ నెలలోనే ఆరు నెలలు మందు తీసుకున్న ఎలుకల గుంపు మా బల్ల మీదికి వచ్చింది. వాటి జవాబు చాలా తక్కువగా వచ్చింది. వేదవల్లిగారు కండరం కోసిన తీరు బాగాలేదేమో అన్నారు. మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. సూది తప్పుందేమో చూద్దామని, పోలికకు నాలుగు నెలలే మందు తీసుకున్న ఇంకో ఎలుక కండరాన్ని ఒకరోజు పొద్దున రికార్డు చేసి, మధ్యాహ్నం ఆ ఫైలు తెరిచాను. ముందురోజే పాత కంప్యూటరు చెడిపోతే కొత్తది పెట్టారు. అందులో నా కట్ ఇంకా ఎక్కించలేదు. కాబట్టి గీత మొదటినుంచీ కనిపించింది.

మొదటి రెండు సెకన్లూ గజిబిజిగా ఉన్నాయి.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పాలి. లిఫ్టు అనుకున్నాను. ఈ కొత్త లిఫ్టు కూడా పాడైపోయిందనుకుని విసుక్కుంటూ లేచి వెళ్ళాను. లిఫ్టు తలుపుకు "మరమ్మత్తులో ఉంది" అని అట్టముక్క వేలాడుతోంది. పొద్దున్నుంచీ అది కదలనే లేదని వాచ్‌మన్ చెప్పాడు. నేను వెనక్కి వచ్చి కూర్చుని ఆ గజిబిజిని పెద్దది చేసి చూశాను. అది చప్పుడు కాదు. ఒకే ఆకారంలో చిన్న చిన్న గుబ్బలు, ఒకదాని మీద ఒకటి. ఒక్కో గుబ్బ ఒక్కో సంచి తెరుచుకోవడం. నరానికి ఇంకా షాక్ ఇవ్వనే లేదు. ఎవరూ ఏమీ చెప్పకుండానే సంచులు తెరుచుకుంటున్నాయి.

మందు తీసుకోని ఎలుకలో అలాంటివి సెకనుకు ఒకటో రెండో ఉంటాయి. అది మామూలే. నా కట్ తెరమీది గీతనే కత్తిరిస్తుంది, అసలు రికార్డు ఫైల్లో అలాగే ఉంటుంది. నాలుగేళ్ళ కిందటి ఫైళ్ళనుంచీ అన్నీ కత్తిరించకుండా తెరిచాను. మందు మొదలైన రెండో నెలలో సెకనుకు ఇరవై. నాలుగో నెలలో యాభై దాటాయి. ఆరో నెలలో మూడు, రెండు, సున్నా. ఆరో నెలలో షాక్ ఇచ్చినా జవాబు దాదాపు లేదు. తెరుచుకోవడానికి సంచులు మిగల్లేదు.

ముడి అనేది లోపమనుకున్నాం మేము. పదమూడు ముడుచుకుని ఉండేది నరం చివర ఊపిరి తీసుకోవడానికి, ఖాళీ అయిన సంచులు మళ్ళీ నిండడానికి. మేము దాన్ని ఆ పని చేయనివ్వలేదు. ఆ సంగతి మొదటి నెలనుంచీ మా యంత్రం రాసి పెడుతూనే ఉంది. నేను రోజూ దాన్ని కత్తిరించి పారేస్తూ వచ్చాను.

వేదవల్లిగారు తన గదిలో స్టీలు డబ్బాలోంచి పెరుగన్నం తింటున్నారు. నేను లాప్‌టాప్ బల్లమీద పెట్టాను. ఆవిడ చెంచా పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"లిఫ్టు కాదు కదా?"

"కాదు మేడమ్. ఆగి ఉన్నది. పోయి చూసొచ్చిన."

"ఎన్ని ఫైళ్ళున్నాయి ఇలాంటివి?"

"నాలుగు వేలకు పైన."

"మందు మధ్యలో ఆపేసిన ఎలుకలు?"

"నాలుగో నెలల ఆపినవి మళ్ళ మొదటి లెక్కకు వచ్చినయి. అంటే జబ్బున్న పాత స్థితికి. ఆపనివే ఇట్లయినయి."

"ఎలుకకు ఆరు నెలలంటే మనిషికి ఎంత?" అన్నారు. నన్ను అడగడం లేదని తెలుసు. ఆ లెక్క ఎవరికీ తెలియదు. ఏడాది కావచ్చు. వచ్చే వారమే కావచ్చు. రెప్పలు వాలడంతో ఆగదు. ఊపిరి ఆడించేది కూడా కండరమే.

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ డబ్బా మూత పెట్టి, "కూర్చో సునందా" అన్నారు. "కత్తిరించింది నువ్వే. కానీ ఆ రెండు సెకన్లలో ఏముందని ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. నాకు కావలసింది షాక్ తర్వాతి జవాబులే. పైన పేరు కూడా నాదే కదా." ఆవిడ ముఖం చూస్తే ఒక్కరోజులో పదేళ్ళు పెరిగినట్టుంది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి, కమిటీకి రాసి పరీక్ష ఆపించారు.

ఆసుపత్రి వాళ్ళు తొమ్మిదిమందికీ ఫోన్‌లో మెసేజ్ పంపారు. "సాంకేతిక కారణాల వల్ల పరీక్ష తాత్కాలికంగా నిలిపివేయబడింది. మిగిలిన పెన్నులు వాడవద్దు." రెండే వాక్యాలు.

నేను ఇంటికి వచ్చేసరికి వదిన ఫోన్ పట్టుకుని కూర్చుంది. మొదట్లో సూది కోసం వారం వారం ఆసుపత్రిలో కలిసిన ఆ తొమ్మిదిమందీ "బుధవారం బ్యాచ్" అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. అది ఆగకుండా మోగుతోంది.

"టెక్నికల్ అంటే ఏందే?" అంది. "ఈడ అందరు గదే అడుగుతున్నరు. ఇంట్ల ఎనిమిది వారాల పెన్నులున్నయి, మేమైతే వేసుకుంటం అంటున్నరు."

నేను చెప్పాను. లిఫ్టు, రెండు సెకన్లు, గుబ్బలు, సున్నా. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె కాలు ఊగుతూనే ఉంది. అది కోపంతో కాదని ఇప్పుడు నాకు తెలుసు.

"అలుపు దిగుతలేదని నీకు చెప్పిన" అంది చివరికి. "చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు."

"నువ్వేం రాసినవు?"

"పది."

ఆమె లేచి వెళ్ళి తన గది తలుపు వేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వండింది ముట్టలేదు. తన అన్నం తనే వండుకుని, తన గిన్నె తనే కడుక్కుని డ్యూటీకి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో మేము ఎన్నో సార్లు పోట్లాడుకున్నాం కానీ విడివిడిగా వండుకోవడం అదే మొదటిసారి.

మూడోరోజు బుధవారం. సూది వేసుకునే రోజు. పొద్దున వదిన ఫ్రిజ్ తెరిచి ఒక పెన్ను తీసింది. మూత తీసి చేతిలో పట్టుకుని నిలబడింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. వద్దని అరవాలనుంది. ఏ ముఖంతో అరవను? ఆ పెన్ను ఆమెకు బస్సు. ఆ పెన్ను ఆమెకు గొంతు. అది వేసుకోకపోతే నెల తిరిగేసరికి మళ్ళీ గొడుగుల మధ్య కూర్చోవాలి. ఆమెకు అది తెలుసు, నాకు తెలుసు.

ఆమె మూత పెట్టేసింది. కండక్టరు తోలు సంచి తెచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న పెన్నులన్నీ అందులో వేసింది.

"పా" అంది.

"ఏడికి?"

"మౌలాలికి. శంకరయ్య సారింటికి. గాయిన ఇయ్యాల పొద్దున తొమ్మిదికి వేసుకుంటడు."

"డాక్టర్లు అందరికి ఫోన్ చేస్తరట వదినా. మేము ఇండ్లకు పోవద్దు, రూలు..."

"నువ్వు పోతలేవు. నేను పోతున్న. నువ్వు నా ఎంబడి వస్తున్నవు." చెప్పులు వేసుకుంది. "ఒళ్ళు మంచిగున్నోనికి ఫోన్ చేసి మందు మానుమంటే మానుతడా? నేనైతే మానకపోతుంటి, నువ్వు నా ఇంట్ల లేకుంటే. వాళ్ళిండ్లల్ల నువ్వు లేవు గద."

అలా మొదలైంది. ఎనిమిది ఇళ్ళు. వదిన సెలవు పెట్టింది. ఒక్కో ఇంటికి రెండు మూడుసార్లు తిరగాల్సి వచ్చేది కాబట్టి వారానికి రెండిళ్ళే అయ్యేవి, అన్నీ సిటీ బస్సుల్లోనే. బస్సెక్కగానే ఆమె కళ్ళు తలలు లెక్కపెట్టేవి, అలవాటు. ప్రతి ఇంట్లోనూ మాట మొదలుపెట్టేది ఆమే. "నేను యశోదను, బుధవారం బ్యాచ్. మందు ఆపేసిన. ఎందుకు ఆపిన్నో ఈమె చెప్తది" అని నావైపు చూసేది. అప్పుడు నేను చెప్పేదాన్ని. నా మాటలు వాళ్ళకు సగం కూడా అర్థమయ్యేవి కావు. వదిన తన పిక్క చూపించి "నీకు గూడ ఇట్లనే పారుతున్నదా?" అంటే మాత్రం అందరి ముఖాలూ మారేవి. అందరికీ పారుతోంది. ఎవరూ డాక్టరుకు చెప్పలేదు. బలం వచ్చిందనే అనుకున్నారు.

శంకరయ్యగారు రిటైరైన పోస్టుమాస్టరు. పెన్నులు తెచ్చి సంచిలో వేశారు. తర్వాత టీ పెట్టించారు. మేము తాగి వస్తుంటే గేటు దాకా వచ్చి, "ఇన్ని రోజులు సంతకం మంచిగ పెట్టిన" అన్నారు.

బోడుప్పల్లో సాయిలు ఇవ్వలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఉంటాయి. టైల్స్ పరిచే మేస్త్రీ. మేము వెళ్ళేసరికి సగం కట్టిన ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తున్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. మిగతావాళ్ళకన్నా బాగా అర్థం చేసుకున్నాడు.

"ఇంకెన్ని రోజులుంటదక్కా బలం?"

"తెలియదు. రెండు నెల్లు కావొచ్చు. తక్కువ కావొచ్చు. తర్వాత ఊపిరికే కష్టమైతది."

"ఇప్పుడు ఆపితే?"

"మునుపటి లెక్క ఉంటవు."

"మునుపు నాకు మా అమ్మ బువ్వ తినిపిస్తుండే" అన్నాడు. "ఆ రెండు నెల్లు నాకియ్యుండ్రి. నా చేతులతోని పని చేస్కుంట."

వదిన బతిమాలింది, తిట్టింది, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అతను ఏడ్చాడు కానీ ఇవ్వలేదు. మేము ఉత్త చేతులతో బస్సెక్కాం. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళు చూస్తామన్నారు.

"వాని తప్పు లేదే" అంది వదిన.

"నాదే తప్పు."

"ఔ, నీదే" అంది.

ఉప్పల్ దాటాక ఆమె తల నా భుజం మీద పెట్టింది. కోపం పోయి పెట్టిందో, మెడ నిలవక పెట్టిందో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేక కదలకుండా కూర్చున్నాను.

మందు ఆపి అప్పటికి మూడు వారాలు. మొదట పిక్కలో పారడం తగ్గింది. తర్వాత కాలు ఊగడం ఆగింది. తర్వాత రెప్పలు. ఐదో ఇంటికి ఆమె గొంతు మళ్ళీ ముక్కులోంచి వచ్చింది. ఆరో ఇంట్లో "బుధవారం బ్యాచ్" అనే మాట పూర్తిగా పలకలేకపోయింది. ఆ ఇంటివాళ్ళు ఆమెను చూసి భయపడిపోయారు. అయినా పెన్నులు ఇచ్చారు. నేను ఇక చాలు వదినా, మిగతా ఇళ్ళకు నేను పోతాను అంటే వినలేదు. డాక్టర్ వేదవల్లి ఒకరోజు ఫోన్ చేసి, "నువ్వు ఎక్కడికి తిరుగుతున్నావో నాకు తెలుసు. నాకు తెలియదని రాసి పెట్టుకున్నాను" అని పెట్టేశారు. ఆవిడ గొంతు కూడా వదిన గొంతులాగే ఉంది, ఏ జబ్బూ లేకుండానే.

చివరి ఇల్లు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. రోజారాణి అనే అమ్మాయిది. ఇరవై ఏడేళ్ళు. భర్త లోకోషెడ్డులో పనిచేస్తాడు. గ్రూపులో ఆమె పెట్టిన వీడియో ఒకటి వదిన నాకు అంతకుముందు చూపించింది. మూడేళ్ళ కూతురిని మొదటిసారి ఎత్తుకుని ఇల్లంతా తిరుగుతోంది అందులో. పుట్టినప్పటినుంచీ ఆ పాపను ఆమె పడుకునే పక్కలో పెట్టుకోవడమే కానీ ఎత్తుకున్నది లేదు. మా ఫోన్లు ఆమె ఎత్తలేదు. ఆసుపత్రి ఫోన్లూ ఎత్తలేదు. నాలుగు వారాలూ సూది వేసుకుంటూనే ఉందని గ్రూపులో ఎవరో చెప్పారు.

ఇల్లు రెండో అంతస్తు. మేము వెళ్ళేసరికి పదకొండు దాటింది. వదిన మొదటి మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోదానికి కాలు లేవలేదు. రెయిలింగు పట్టుకుని ఇంకోసారి ప్రయత్నించింది. తర్వాత మెల్లగా ఆ రెండో మెట్టు మీదే కూర్చుని గోడకు ఆనుకుంది. చేతులు ఒళ్ళో వదిలేసింది. వేళ్ళు కూడా కదలడం లేదు.

"యాష్టకొచ్చిందే" అంది. అలుపొచ్చిందన్న ఆ మాట ముద్దగా వచ్చింది. "నువ్వు పో."

"నువ్వు లేకుంటే ఆమె నా మాట ఇంటదా వదినా?"

"ఇనదేమో. పో."

భుజం మీద సంచి తీయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. నేనే తీసుకుని నా భుజాన వేసుకున్నాను. పెన్నులతో బరువుగా ఉంది. మెట్టు మెట్టుకూ వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే మళ్ళీ కిందికి దిగిపోతానని చూడలేదు.

తలుపు తట్టాను. రోజారాణి తెరిచింది. పాప ఆమె చంకలో ఉంది. ఆమె నా వెనక ఎవరున్నారా అని చూసింది.

"యశోదక్క రాలేదా?"

"కింద కూసున్నది. మెట్లు ఎక్కలేకపోయింది."

ఆమె మెట్లవైపు చూసింది. పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పాప తల్లి మెడలోని నల్లపూసలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"నా పేరు సునంద" అన్నాను. "మందు పరీక్ష చేసిన ల్యాబుల పని చేస్త. తప్పు జరిగింది. చేసింది నేనే."

గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ఈసారి నా పక్కన పిక్క చూపించేవాళ్ళు లేరు. రోజారాణి మోచేతి దగ్గర చర్మం కింద ఆ పారడం నాకు కనబడుతూనే ఉంది. చివరికి అడిగింది.

"ఆపితే, ఈమెను ఇంకెన్ని రోజులు ఎత్తుకోవచ్చు?"

"మూడు వారాలు" అన్నాను. "నాలుగో వారం కష్టం."

"ఆపకుంటే?"

"కొన్నాళ్ళు ఎక్కువ ఎత్తుకుంటవు. తర్వాత ఆమెకు నువ్వే ఉండవేమో."

పాప కిందికి దిగుతానని కాళ్ళు ఆడించింది. "ఆగు" అని ఆమె బిగించి పట్టుకుంది. నేను సంచి మూత తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను.

ఆమె పాపను దించలేదు. అలాగే చంకన వేసుకుని లోపలికి వెళ్ళి, రెండో చేత్తో ఫ్రిజ్ తెరిచింది.